తడి

అహ్వాజ్‌లో జులై.
గోడ మీది పాదరసం యాభై దాటాక
అటు చూడటం మానేశాడు మా యజమాని గోదర్జ్.
వీధిలో తారు మెత్తబడి
ఎవరి చెప్పు గుర్తు వాళ్ళకి తిరిగివ్వడం లేదు.
కారున్ నది మీంచి వచ్చేది గాలి కాదు,
ఎవరో మూత తీసిన అన్నం గిన్నె.

ఈ ఊళ్ళో అందరికీ చెమటే.
నాకు మాత్రం జనవరిలోనూ.
బళ్ళో పరీక్ష కాగితాలు ఉబ్బి అక్షరాలు అలుక్కుపోతే
"ఏడ్చావా తూబా?" అనేది టీచరు.
ఏడ్చింది కళ్ళు కాదు, అరచేతులు అని చెప్పలేక
అవునని తలూపేదాన్ని.
కొత్త సంవత్సరం పండక్కి మేనత్తలు నా చెయ్యి పట్టుకుని
నవ్వుతూనే, నవ్వు చెదరకుండానే
తమ చెయ్యి తుడుచుకునేవాళ్ళు.

అలాంటి దాన్ని
గడియారాలు బాగుచేసే పనిలో చేరాను.
మొదటి నెల గోదర్జ్ భూతద్దం నా కంటికి పెట్టి
వెంట్రుకంత స్ప్రింగు మీద గోధుమరంగు మచ్చ చూపించాడు.
"ఇది తుప్పు కాదమ్మాయ్, నీ సంతకం."
తిట్టలేదు. వేళ్ళకి రబ్బరు తొడుగులు కొనిపెట్టాడు.
సాయంత్రానికి వాటిలో
పది చిన్న చెరువులు.

డాక్టర్ మెహ్రనూష్ నా చేతిని
తుడుచుకోకుండా పట్టుకున్న మొదటి మనిషి.
"గ్రంథులు మంచివే. వాటికి కబురు మోసే నరాలే
గోరంతకి కొండంత అరుస్తున్నాయి" అంది.
రెండు పళ్ళాల్లో నీళ్ళు, నీళ్ళలో చేతులు,
నీళ్ళలోకి సన్నగా కరెంటు.
ఇరవై నిమిషాలు చీమలు పాకుతాయి.
వారానికి మూడుసార్లు.
చంకలకి రాత్రి పడుకోబోయే ముందు, పొడి చర్మం మీద మందు.
నూలు బట్టలు. వేడి టీ తగ్గించు.
పోయిన నీళ్ళకి నీళ్ళు, పోయిన ఉప్పుకి ఉప్పు వేసిన మజ్జిగ.

నెలకి చేతులు కాస్త మాట విన్నాయి.
కరెంటు కోతల వారం
మళ్ళీ పాత దారే.

ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం,
ఐస్ దిమ్మ భుజాన వేసుకుని జువైద్ వచ్చాడు.
ఎప్పుడూ వానలో తడిసినట్టుండే మనిషి.
ఇవాళ చొక్కా మీద తెల్లటి ఉప్పు గీతలు,
ఎండిపోయిన ఏరు వదిలిన అంచుల్లా.
తడి లేదు.
చెమట గురించి నాకంటే ఎవరికి తెలుసు?
అందుకే, లేనిది
ముందు నాకే కనిపించింది.

"జువైద్ మామా, ఏ రోజివాళ?"
చనిపోయిన గాడిద పేరు చెప్పాడు.
నుదురు రొట్టెల పొయ్యి.
నీడలోకి లాగాం. చొక్కా విప్పాం.
అతను మోసుకొచ్చిన ఐసునే పగలగొట్టి
గుడ్డల్లో చుట్టి మెడకి, చంకలకి, గజ్జలకి.
నోట్లో నీళ్ళు పొయ్యబోయిన పక్కకొట్టు కుర్రాణ్ణి ఆపాను.
తెలివిలేని గొంతులో నీళ్ళు దారి తప్పుతాయి.
గోదర్జ్ ఫోన్లో అంబులెన్సుని బతిమాలుతున్నాడు.
తొడుగులు పీకేశాను.
ఇరవై ఏళ్ళు దాచుకున్న రెండు చేతులూ
అతని నుదుటి మీద, గుండె మీద పరిచి
అట్టముక్కతో విసరమన్నాను కుర్రాణ్ణి.
గోడ మీద నలభై గడియారాలు
నలభై వేళలు చెబుతున్నాయి.
బండి ఎంతసేపటికి వచ్చిందో
ఈరోజుకీ తెలీదు.

మా అమ్మమ్మ కూజా గుర్తొచ్చింది ఆ రాత్రి.
పైన ఎప్పుడూ చెమ్మ.
నునుపు పూత వేసిన అందమైన కూజాలో మాత్రం
నీళ్ళు వేడిగానే ఉండేవి.

తొమ్మిదో రోజున జువైద్ వచ్చాడు, సన్నబడి,
చంకల కింద చక్కటి తడి మరకలతో.
నా బల్ల మీద ఎండు నిమ్మకాయల పొట్లం పెట్టి
కళ్ళు దించుకుని అన్నాడు:
"నీ చేతులు ఎప్పటికీ ఎండకూడదని
మొక్కుకున్నానమ్మా."

గోదర్జ్ భూతద్దం కింద నవ్వాపుకుంటున్నాడు.
నేనేం చెప్పను?
సాయంత్రం కరెంటొచ్చింది.
పళ్ళాల్లో చేతులు ముంచి, చీమలు ఎక్కుతుండగా
పైకి చూసి అడిగాను:
ఆ ముసలాయన మొక్కు తీర్చు స్వామీ,
వారానికి మూడు రోజులు మినహాయించి.