పరకాల బస్సు పలక

పోచమ్మ మైదాన్ కాడ అజ్మత్ భాయ్ దుకాణంల
మూడు రంపాలు నా ముందట పెట్టిండు,
మూడు సంబంధాలు తెచ్చిన పెండ్లిళ్ల పేరయ్య లెక్క.

మొదటిది టేబుల్ సా.
ఇనుప బల్ల నడుమ పండ్ల చక్రం
సగం మునిగి నిలవడ్డది.
"గీత గీసినట్టు కోస్తది మేడమ్,
గంటల నలభై పలకలు."
ఇరవై తొమ్మిది వేలు.

రెండోది బ్యాండ్ సా.
కుట్టుమిషన్ బెల్టుకు పండ్లు మొలిచినట్టు
రెండు చక్రాల మీద ఉరికే సన్న పట్టీ.
ఎటు వంపితే అటు తిరుగుతది, గొంతు పెద్దగ చెయ్యది.
ముప్పై ఆరు. బేరం లేదు.

మూడోది చేతిల పట్టేది. ఆరువేల ఐదొందలు.
ఆన్ చెయ్యంగనే మణికట్టు గుంజింది,
మేడారం స్పెషల్ల ఫుట్‌బోర్డు మీద
ఎవరో నా టికెట్ల సంచి గుంజినట్టు.

ఇరవై ఆరేండ్లు టికెట్లు చింపిన వేళ్లు నాయి.
సంచిల చెయ్యి పెడితే చీకట్లనే చెప్తయి
రూపాయేదో, రెండేదో.
రిటైరయినంక మెట్ల కింది అర్రల
ఒక రందా, రెండు ఉలులు, ఒక చేతిరంపం.
మొదటి పీట కుంటిది.
రెండోది గూడ కుంటిదే, జర తక్కువ.

ట్రిప్ షీట్ వెనక రాత్రంతా లెక్కలు.
అర్ర పది అడుగులు, ఆరు అడుగులు.
టేబుల్ సా లోపల పెడితే నేను బయట నిలవడాలె.
బోరు మోటరు, గీజరు కలిసి ఏస్తే
ఇప్పటికే ఫ్యూజు కొడుతుంది.
పైన కిరాయికున్న నవనీత బిడ్డకు మూడు నెలలు,
పదకొండు నుంచి ఒంటిగంట దాకా నిద్ర.
ఆ రెండు గంటలు ఏ రంపం గూడ రంపం గాదు.

కాశిబుగ్గకు పోయి ఉపేంద్రాచారిని అడిగిన.
నలభై ఏండ్లు తలుపులు చేసిన మనిషి.
ఏది మంచిదో చెప్పలే.
ఎడమ చెయ్యి బల్ల మీద పరిచిండు.
నాలుగు వేళ్లు నిండుగ, ఒకటి సగం.
"ఏ రంపం?" అన్న.
"రంపానిది గాదమ్మా. ఎవరో 'చాయ్' అన్నరు.
తల తిప్పిన."
కొంచెం సేపయినంక నేనే అడిగిన,
"మరి చాయ్ తాగినవా?"
నవ్విండు. "తాగిన. సల్లగయినంక."

తెల్లారి ఆటోల పలక ఏసుకొని మళ్ల పోయిన.
డిపో స్క్రాప్ వేలంల కొన్నది,
పాత పరకాల బస్సు నేల చెక్క.
నేను నిలవడి నిలవడి అరిగిన చెక్కనే గావొచ్చు, ఎవరికెరుక.
"దీన్ని కోసి సూపెట్టు" అన్న.
అజ్మత్ భాయ్ టేబుల్ సా స్విచ్ మీద ఏలు పెట్టిండు.
"ఆగు" అన్న.

పలక మీద అరచెయ్యి ఆనిచ్చి మెల్లగ నడిపిన.
రంగు కింద ఒక కాడ వేలు ఆగింది.
గోరుతోని గీకితే
ఎర్రగ తుప్పు, దాని కింద సీల తలకాయ.
చక్రం దాకా పోయుంటే?
ఎదురుంగ నిలవడ్డ పనిపోరడు
ఒక అడుగు ఎనుకకు జరిగిండు.
ఇంకా తడిమిన. ఆత్మకూరు, గూడెప్పాడ్,
స్టేజీ తర్వాత స్టేజీ చెప్పుకుంట పోయినట్టు
పదకొండు లెక్కకొచ్చినయి.

ఆ పూట కొన్నవి:
ఒక అయస్కాంతం, సీలలు పీకే ఒక జంబూర.
బ్యాండ్ సాకు వెయ్యి అడ్వాన్స్.
"పక్కకు పెట్టు భాయ్, ఇవి ఎల్లినంక వస్త."
"అప్పటిదాకా ధర పెరుగుతదేమో మేడమ్?"
"పెరగనియ్యి."

ఒంటిగంట దాటింది. బిడ్డ లేసింది.
నవనీత సంకనెక్కి మెట్ల మీద నుంచి సూస్తాంది.
నాలుగో సీల కిర్రుమని ఎల్లంగ
పలక సందుల నుంచి ఒక పావలా జారిపడ్డది,
నల్లగ, చెమట పట్టినట్టు.

చిల్లర లేక టికెట్ ఎనక రాసిచ్చిన బాకీలెన్నో.
దిగేటప్పుడు అడగ మర్చిపోయిన వాళ్లెందరో.
పావలాను కొంగుతోని తుడిచి
కిటికీ మీద పెట్టిన.

ఇంకా ఏడు సీలలున్నయి.