మూసిన గొట్టం

మొదట్లో నేనూ అరుపునే కొనుక్కున్నా.
మూడంగుళాల గొట్టం, లోపల ఏ అడ్డూ లేదు.
ఇరువారం మలుపులో గేరు దించితే
గ్రీమ్స్‌పేటలో కుక్కలు లేచేవి,
టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టేవాళ్ళు.
బో సంబరంగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆ అరుపుకి వడ్డీ ఉందని
పలమనేరు రోడ్డు చెప్పింది.
అయిదో గేరు, ఎనభై వేగం,
ముల్లు రెండువేల రెండొందల మీద నిలబడితే
కారంతా ఒక హోరు.
చెవిలో కాదు, దవడ ఎముకలో.
ఎవరో తంబురా మీటుతూ మీటుతూ
పాడడం మరిచిపోయినట్టు.
బంగారుపాళ్యం దాటేలోపు
పక్క సీటులో తమ్ముడు ఏదో అనేవాడు.
ఏందిరా, ఏంది, అని రెండుసార్లు అడిగి
మూడోసారి ఊరకే తలూపేవాణ్ణి.

ఎదురింటి మునెమ్మక్కది
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
తోతాపురి కాలమంతా గోళ్ళు పసుప్పచ్చగా
పొద్దున ఏడుకి వచ్చి పడుకుంటుంది.
ఏడున్నరకి నేను స్టార్ట్ చేస్తా.
ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.
ఒకరోజు కిటికీ రెక్క వేసుకుంది.
మే నెల. కరెంటు లేదు.
గడియ పడిన చప్పుడు ఇంతే ఇంత,
వారం రోజులు నా వెనకే తిరిగింది.

మురకంబట్టు తావ సిలార్ సాయిబు షెడ్డు.
"సైలెన్సర్ అని పేరెందుకు పెట్టినారో గానీ,
ముప్పై ఏండ్లుగా దాన్ని కోసేసే పనే నాది.
నోరు ముయ్యించమని వచ్చినోడివి నువ్వే."
బల్ల మీద మూడు డబ్బాలు పెట్టినాడు,
పుచ్చకాయల్లాగా తట్టి చూడమన్నాడు.
ఒకటి డొల్ల.
ఒకటి లోపల అరలు అరలు, గాలి వంగి వంగి పోవాల:
"మాట వింటాది గానీ ఊపిరాడదు.
పై గేర్లలో నీ గుర్రం గాడిదైతాది."
మూడోది జల్లెడ గొట్టం, నేరుగా,
చుట్టూ గాజునూలు.
"ఇది గాలిని ఆపదు. అరుపును ఇంకించుకుంటాది."
చెబుతూనే మోచేతులు గోక్కున్నాడు,
ఆ నూలు దురద ఆదివారమైనా పోదంట.

మరి ఆ హోరు?

సుద్దముక్కతో నేల మీద గీసినాడు.
పెద్ద గొట్టానికి పక్కన ఒక చిన్న గొట్టం,
కొస మూసేసి.
మా సందు లాంటిదే, ఎక్కడికీ పోదు.
"హోరు దీంట్లోకి దూరతాది,
గోడకి కొట్టుకొని తిరిగొస్తాది.
వచ్చేసరికి ఎదురుగా తనే.
లేచేది దిగేదాన్ని కలస్తాది, అంతే, సద్దుమణిగె.
కొలత మాత్రం తప్పకూడదు, మనిషెత్తు ఉండాల.
తప్పితే రెండూ కలిసి మొత్తుకుంటాయి."

ఇరవై ఆరు వేలు.
"దుడ్లిచ్చి గొంతు పిసికించుకుంటివే!" అన్నాడు తమ్ముడు.

మొదటి వారం నాకూ బెంగగానే ఉండింది.
సిగ్నల్ దగ్గర ఒక్కరూ తిరిగి చూడలేదు.
వెనక స్కూటీ పిల్ల హారన్ కొట్టింది,
జరుగు, జరుగు అని.

మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు
వీపు సీటుకి అతుక్కుంది, మునుపటి మాదిరే.
బలం ఎక్కడికీ పోలేదు.
టర్బో ఊపిరి పీల్చడం వినపడింది.
టైరు విసిరిన కంకర, కప్పు గుంటలో రూపాయి బిళ్ళ.
తమ్ముడు గొంతు పెంచకుండానే అన్నాడు:
"ఉద్యోగం మానేసి నెలైందిరా.
రెండుసార్లు చెప్పినా, ఇదే రోడ్డులో.
నువ్వు తలూపితివి."
మలుపు దాటేదాకా నేనేమీ మాట్లాడలేదు.
దాటినాక కూడా కాసేపు.

నిన్న మునెమ్మక్క బస్సు ఆలస్యం.
టిఫిన్ క్యారియర్ చేత పట్టుకొని
మా గేటు ముందర ఆగింది,
బానెట్ మీద చెయ్యి ఆనించి:
"బండి చెడిపోయిందా అబ్బయ్యా?
ఈ మధ్య తీయడమే లేదే."

ఇంజను నడుస్తానే ఉంది.
వేడి తగిలి
చెయ్యి వెనక్కి తీసుకుంది.