గొడుగు ముసల్ది

ఆదివారం ఆట.
శుక్రవారం రాత్రికి తేలిపోవాలి
గొడుగు ముసల్దాన్ని ఉంచాలా, తియ్యాలా.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది,
మా నాలుకలకి ఎక్కలేదు.
నల్ల గొడుగు, వంగిన నడుము, ఒంటి కన్ను.
గొడుగు విప్పిందా,
ఆ నీడలో పడ్డవాడు మూడు సెకన్లు కొయ్యబొమ్మ.
మూడు సెకన్లంటే ఏటనుకున్నారు?
అయిదుగురు కలిసి ఒకణ్ణి పూడ్చిపెట్టి
చేతులు దులుపుకునేంత కాలం.

పర్లాకిమిడిలో, రీఛార్జి కొట్టు వెనక,
సిమెంటు బస్తాల మీద పదకొండుమందిమి.
పాతపట్నం వాళ్లు ఏటి అవతలినుంచి
ఫోన్లో, స్పీకరు మీద, దగ్గుతూ.

దాలినాయుడు మొదలెట్టాడు:
"తీసీండి. అదుంటే ఆట కాదు, తద్దినం."
నోటుపుస్తకం విప్పాడు.
ముప్పైరెండు ఆటల్లో
ఆమె ఉన్న పక్షం ఇరవయ్యేడు గెలిచింది.
లెక్కకి ఎదురేటి, అన్నాడు.

కొమ్ము బొమ్మలు చెక్కే ఇంటివాడు బృందావన్ మహారణా,
గోళ్లలో ఇంకా తెల్లటి పొడి.
ఒడియాలో ఓ తిట్టు తిట్టి, తెలుగులో వాదించాడు:
"కొమ్ము గట్టిదే. ఎవడు కాదన్నాడు?
సెగ చూపించాలి, వంగుతాది.
మీరు చల్లటి కొమ్ము మీద ఉలి పెట్టి
ఉలి విరిగిందని ఏడుస్తన్నారు.
గొడుగు విప్పేముందు ఓ దమ్ము తీస్తాది ముసల్ది.
ఆ దమ్ములో కొట్టండి."

"ఎంతసేపుంటాది ఆ దమ్ము?"
"అర సెకను."
నవ్వుల్లో ఓ టీ గ్లాసు దొర్లింది.

స్పీకర్లోంచి పైడితల్లి గొంతు,
ముసల్దాన్ని ఆడించేది ఆమే:
"తీసీండి. నాకేటి?
ఇంకోదాన్ని పట్టుకొచ్చి ఓడిస్తాను."

నేను వైద్యుణ్ణి. ఆటలో.
చంపినవాళ్ల లెక్కలో నా పేరుండదు,
చచ్చేటప్పుడు మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను.
కాబట్టి నన్నెవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు,

నిన్న సాయంత్రం మందులకని పాతపట్నం పోతూ
మహేంద్రతనయ వంతెన మీద సైకిలాపి
ఊరికే ఓ ఆట ఆడేనని.
సగం వంతెన దాటేసరికి ఫోను రాష్ట్రం మార్చింది,
టవరు మారింది.
ఎదర ముసల్ది. గొడుగెత్తింది.
అప్పుడు చూశాను ఆ దమ్ము.
రొమ్ము పొంగి, భుజం జారి,
ఒంటి కంటి రెప్ప నెమ్మదిగా వాలి...
ఎంత తీరుబడి ఆమెకి!
పక్కకి తప్పుకున్నాను.
పరిగెత్తలేదు, నడిచేను.

మా వీధిలో ఆ దమ్ము ఎన్నడూ రాదు.
గొడుగు మూసుంటుంది, మరుక్షణం విప్పుంటుంది.
మధ్యలోది ఏట్లో పడి కొట్టుకుపోతుంది.

చెప్తే?
ఇరవయ్యేడు ఆటలు టవరు గెలిచిందంటే
దాలినాయుడు ఆ పుస్తకం ఎక్కడ దాచుకోవాలి?
పైడితల్లి వేళ్లని నేను తక్కువ చేసినట్టు కాదా?
ఆ వేళ్లు నిజంగానే మంచివి.
పోనీ, ఇన్నాళ్లూ నా వైద్యం అందక పోయినవాళ్లు
నావల్ల పోలేదని
నాకు నేను చెప్పుకుంటున్నానేమో, అదీ తెలీదు.

చేతులెత్తమన్నారు.
తియ్యాలని అయిదు. ఉంచాలని నాలుగు.
దూర్జో బెహరా రెండు చేతులూ ఎత్తి ఒళ్లు విరుచుకున్నాడు,
ఏ లెక్కలో వెయ్యాలో కాసేపు గొడవ.
చివరికి అందరూ నావైపు తిరిగేరు.

"ఆదివారం ఆట
వంతెన మీద ఆడదాం," అన్నాను.

"అదేటి? ఎందుకు?"

"గాలొస్తాది."