సొన మరక

జూన్ నెల. మురకంబట్టు దాటితే
రోడ్డు పొడుగునా తోతాపురి లారీలు,
పల్ప్ ఫ్యాక్టరీ గేటు దాకా పులిసిన తీపి వాసన.
ఆ వాసన తోనే మా ఆడోళ్లు ఆదివారం గుడికొస్తారు.
తలకి నూనె, చీరకి ఇస్త్రీ,
వేళ్లకి మాత్రం సొన కాల్చిన నల్లమచ్చలు.

శనివారం సాయంత్రం మేనేజరు వచ్చాడు.
చెప్పులు బయటే విడిచాడు. మర్యాదస్తుడు.
"అయ్యగారూ, గుడి రేకులు కారతా ఉండాయంట కదా" అన్నాడు.
"పాపకి నర్సింగు ఫీజు కూడా..." అని ఆగాడు.
నా ఇంటి లెక్కలు వాడికెవరు చెప్పారో.
పసుపు కవరు బల్ల మీద పెట్టి
"రసీదు అక్కర్లేదు" అన్నాడు.
లేచి చెప్పులేసుకుంటా, అప్పుడన్నాడు:
"కూలి పెంచమని సోమవారం గేటు కాడ కూచుంటారంట మీవాళ్లు.
రేపు ప్రసంగంలో రెండు మాటలు, విధేయత గురించి.
మీరు చెప్తే వింటారు."

అవును. నేను చెప్తే వింటారు.
ఇరవై రెండేళ్లుగా ఆ మాట తినే బతుకుతుండా.

అపవాదికి కొమ్ములుంటాయని
పిల్లలకి బోర్డు మీద గీసి చూపించినవాణ్ణి.
నన్ను రాళ్లు రొట్టెలు చేయమనలేదు వాడు,
రేకులు మార్చుకోమన్నాడు.

రాత్రి కవరుని బైబిల్లో పెట్టా.
యోబులో పెట్టా, సామెతల్లో పెట్టా,
ఎక్కడ పెట్టినా పుస్తకం మూసుకోలేదు.
చివరికి బియ్యం డబ్బాలో దాచా.
కృపావతి చూసింది. అడగలేదు.
ఆమె గాజులు బ్యాంకులో కుదువకి పోయి ఇది మూడో ఏడు.
అడిగుంటే బాగుండేది.
ఎంతుందో నేను ఎంచలేదు.
ఎంచలేదన్నది అబద్ధం. రెండుసార్లు ఎంచా.

ప్రసంగం మూడు రకాలుగా రాసుకున్నా.
విధేయత లేఖనంలో ఉన్న మాటే కదా,
నేను పుట్టించింది కాదు కదా...
చూడండి, వాడికి వాక్యం నాకంటే బాగా కంఠతా వచ్చు.

తెల్లారి ఆరాధన. కానుకల సంచి తిరిగొచ్చింది.
పైనే సలోమమ్మ వేసిన పదిరూపాయల నోటు,
నాలుగు మడతలు, నడిమధ్య సొన మరక.
పరలోక ప్రార్థన చెప్తా చెప్తా
శోధన అన్న మాట కాడ నా గొంతు పట్టుకుంది.
జనం నన్ను దాటుకుని ముందుకెళ్లిపోయారు.
ఆమేన్ కాడ పోయి కలుసుకున్నా.

విధేయత గురించి చెప్పలేదు.
ధైర్యంగా ఇంకోటీ చెప్పలేదు, ఒప్పుకుంటా.
నోవహు ఓడకి కీలు పూసిన సంగతేదో చెప్పి ముగించా.

మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటా పోయి
మేనేజరు చేతికే కవరు ఇచ్చా.
అక్కర్లేదన్న రసీదు
అడిగి రాయించుకున్నా.

తిరిగొచ్చే దోవలో తేలిగ్గా ఉండింది. మరీ తేలిగ్గా.
నీవా వంతెన కాడికొచ్చేసరికి
"వచ్చే ఆదివారం ఇది సాక్ష్యంగా చెప్పాల" అనుకున్నా.
మాటలు వాటంతటవే వరస కట్టాయి:
కవరు ఎంత మందమో, నేనెట్లా వణికానో, ఎట్లా గెలిచానో.
ముందు వరసలో కొంగులు కళ్లకి పోవడం కూడా కనపడింది.
బ్రేకు పట్టా.
ఫ్యాక్టరీలో దించొచ్చాననుకున్నవాడు
వెనక క్యారియర్ మీద కూచోనుండాడు,
చెప్పులు విడిచి, మర్యాదగా.

సోమవారం గేటు కాడికి నేనూ పోయా.
ప్రార్థన చేయమన్నారు, చిన్నది చేశా.
మాట్లాడమన్నారు. నాలుక దురదపెట్టింది.
"సలోమమ్మ మాట్లాడుతుంది" అని కింద కూచున్నా.
ఆమె కూలి గురించి మాట్లాడింది,
చేతులకి గ్లవుసులు కావాలంది,
నేను మూడు రకాలుగా రాసుకున్నదానికంటే పొట్టిగా.

ఇది కాయితం మీద పెట్టి అడుగున పేరు రాశా. కొట్టేశా.
కొట్టేసినా లోపల అక్షరాలు తెలస్తా ఉండాయి.

రాత్రి వాన పడింది.
సరిగ్గా నేను నిలబడే చోటే రేకు కారతా ఉంది.
బకెట్టు పెట్టి
పక్కకి జరిగి నిలబడ్డా.