పై గడప

దేవరకొండలో జిరాక్స్ దుకాణం మీది గది.
కింద మిషను తిరిగినప్పుడల్లా బల్ల వణుకుతుంది.
నీళ్ళ లెక్కలకు తాళాలు రాస్తున్నాను.

మండలం లోపల ఊరు, ఊరి లోపల బోరు,
బోరు లోపల తేదీ,
తేదీ లోపల ఒక్క అంకె, ఫ్లోరైడుది.
ఊరి పేరుండాల్సిన చోట
ఇంకా ఏ ఊరూ కాని ఒక గుర్తు పెట్టాను,
ఏ ఊరొచ్చినా అందులో కూచుంటుంది.

పై గడపలో "రా" అన్నాక
లోగదిలో "ఆగు" అంటే చెల్లదు.
మొదట్లో తెలియక మండలం దగ్గరే తెరిచేశాను.
బోరు పక్కన రాసుకున్న రైతుల ఫోన్ నంబర్లన్నీ
ఆ రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాయి.
తెల్లారి ఒక్కో తలుపూ కిందికి జరిపాను.

తనిఖీ అట్లా కాదు.
ప్రతి మెట్టు మీదా మళ్ళీ మొదట్నుంచి అడుగుతుంది:
అంకేనా? సున్నాకు తక్కువ కాదుగా?
పది దాటదుగా?

ఆ పది ఎక్కడిదని నన్నెవరూ అడగలేదు.

మధ్యాహ్నం అండాలు ఫోను, గుట్ట కింది తండా నుంచి.
"పదకొండున్నర కొడితే తీస్కుంటలేదన్నా.
మూడుమాట్ల జూసిన.
నీళ్ళు అబద్దమాడ్తయా?
పోనీ, తొమ్మిదని కొట్టాల్నా?"

వద్దన్నాను.
లైనులోనే ఉంది. వెనక ఎవరిదో బిందె
నిండుతున్న చప్పుడు, సన్నబడుతూ.
పదిని చెరిపేశాను.
దాని చోట ఏం రాయాలో తెలియక
కర్సరు కొట్టుకుంటోంది.
అక్కడ బిందె పొర్లుతోంది.