మూడు నెలల కింద

సజ్జాల నా కుర్చీల కూసున్నోళ్ళంత నీళ్ళనే తిడ్తరు.
సముద్రంల తోడి, మెషిన్ల ఉప్పు దీసిన నీళ్ళన్నా,
నెత్తి మీద పోసుకుంటె ఎంటికె నిలుస్తదా, అని.
నేనేమనను. బట్ట దులిపి మెడకు కడ్త.
ఊడిన ఎంటికె ఒకటి ట్యూబులైటు కింద పట్టి జూస్త.
కొసకు నువ్వుగింజ కన్న సిన్న తెల్లటి గుండు ఉంటె
అది లోపటికెళ్ళి వచ్చింది.
గుండు లేదా, నడుమ ఇరిగింది.
నీళ్ళ మీది కేసు అక్కడనే సగం కొట్టుడువోతది.

డాక్టర్ను గాదు.
కోరుట్లల మా నాయిన పక్కపొంటి నిలబడి
దువ్వెన పట్టుడు నేర్సుకున్న, గంతే.
పన్నెండేండ్ల సంది షార్జాల ఇదే కుర్చీ.

ఆశన్న హెల్మెట్‌ను దోషి అన్నడు.
కణతల కాడ రెండు దిక్కుల ఎనుకకు జరిగింది,
నడినెత్తిన పల్సబడ్డది,
చుట్టు అంచు మాత్రం కోటగోడ లెక్క గట్టిగున్నది.
"మీ నాయినకు?" అన్న. నవ్విండు.
హెల్మెట్ ఏం జేసింది, అది నిన్న మొన్న వచ్చింది.

క్రేన్ నడిపే సర్దార్జీకి నుదుటి అంచు పొంటే పోయింది,
బిగ్గ గుంజి కట్టీ కట్టీ.
"ముడి జెర సడలియ్యి పాజీ" అంటె
నా ముడితోని నీకేం పని అని లేసిపోయిండు.
నెలకు మల్ల వచ్చి చాయ్ తాగిండు.
ముడి ముచ్చట ఎవ్వలం ఎత్తలే. జెర సడలింది.

షఫీకుల్‌ను కుర్చీల కూసోబెట్టనే లేదు.
పొట్టు, దురద,
ఎంటికెలు తోలు కాడనే తునిగి నల్ల సుక్కలు.
తామర. ఆ టోపీ ఎవరెవరు పెట్టుకున్నరంటె
రూముల పది మంది పేర్లు చదివిండు.
నూనెలతోని పోయేది గాదు, మింగే గోలీలు గావాలె,
మూల మీది క్లినిక్కు వొమ్మని
దువ్వెన చెత్తబుట్టల ఏసిన.

ఇంకొకాయనకు కనుబొమ్మల బయటి కొసలు మాయం.
బొంగురు గొంతు, నలభై డిగ్రీల ఎండల సుత చలి చలి అనేటోడు.
నెత్తి గాదు, మెడ సూపెట్టుకో అన్న.

లింబాద్రి కవర్ల పట్టుకొచ్చిండు,
దిండు మీదియి, బాత్రూం జాలీలయి, లెక్కవెట్టి.
మచ్చ లేదు, పొట్టు లేదు, అంతట ఒక్కతీరు పల్సన.
అరవై ఎంటికెల కుచ్చు పట్టి మెల్లగ గుంజిన.
పది వచ్చినయి. పదింటికీ తెల్ల గుండ్లు.
"మూడు నెలల కింద ఏమైంది?"
"ఏం గాలే."
"జరం? ఆపరేషన్?"
"లే."
కత్తెర ఆపిన. ఏసీ ఒక్కటే చప్పుడు.
"కంపెనీ బందయింది," అన్నడు అద్దంతోని.
"నలభయ్యొక్క దినం. ఖుబ్బూస్, ఉప్పు.
ఇంటికి ఫోన్ జేస్తె పని మస్తున్నదని చెప్పిన."

నోరు దాసిన లెక్క
నెత్తి మూడు నెలలకు తీరిపారి చెప్పింది.
ఇయ్యాల ఊడేది అప్పుడు ఆగినదే తమ్మీ,
కింద కొత్తది తోస్తున్నది.
గుడ్డు తిను, పప్పు తిను,
ఒకసారి రక్తం సూపెట్టుకో.
గా కవర్ ఇక్కడ పారేసి పో.

పోవాల్సినోడు తలుపు కాడ ఆగిండు.
"అన్నా, నీ ఎనుక..."

నా పెడతల చూసినోడు ఇన్నేండ్లల్ల ఎవ్వడు లేడు.
కుర్చీల నేను కూసున్న.
"గుండ్రంగనా?"
"గుండ్రంగనే."
"పొట్టు?"
"లేదు. నున్నగ, పసిపోరని చెంప లెక్క."
ఊర్ల దాన్ని పేనుకొరుకుడంటరు.
పేను ఊరికెనే మాట వడ్డది, దానికేం తెల్వది.
"మూడు నెలల కింద ఏమైందే అన్నా?"
నా గొంతు తీసుకొని నన్నే అడుగుతున్నడు.
"దీనికి ఆ ప్రశ్న గాదురా," అన్న జెల్ది జెల్ది.
అద్దం దిక్కు జూడలే.
"ఎంతున్నది, రూపాయంతనా?"
వేలు పెట్టి కొలిసిండు, సల్లగ.
"దిర్హమంత."