సగటు

సగటుకి జ్ఞాపకశక్తి ఎక్కువ.
ఉప్పెక్కువైన పులుసు అది,
పడింది తీయలేం.
నీళ్ళు పొయ్యాలి, మళ్ళీ పొయ్యాలి.

టొలీడోలో, నది మీద మంచు పలకలు విరిగే నెలలో
హలీనా కుజావా
మొదటి ఏడాది మార్కుల కాగితం మడత విప్పింది.
కెమిస్ట్రీ సి, కాల్‌క్యులస్ డి,
బయాలజీ సగంలో మానేసింది.
ఆ ఏడు రాత్రుళ్ళు బ్రెడ్ ఫ్యాక్టరీలో ట్రేలు లాగేది.
పొద్దున క్లాసులో
ముంజేతుల మీద ఓవెన్ వాతలు,
నోట్సు మీద నిద్ర గీసిన గీత.

అప్లికేషన్ వ్యాసంలో ఇదంతా రాసి, కొట్టేసింది.
నిజమే కానీ
అవే ట్రేలు లాగిన డెనీస్‌కి ఏ వచ్చింది.
"అర్థం కాలేదని అడగడం అప్పట్లో నాకు రాదు"
ఈ ఒక్క వాక్యం ఉంచింది.

తర్వాత అదే కెమిస్ట్రీ,
తనకన్నా ఏడేళ్ళ చిన్నవాళ్ళ పక్కన, సాయంత్రాలు.
ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోస్తూ
లిఫ్టు ఆగేలోపు ఒక్కో అమైనో ఆమ్లం.
ఒకటి పాయింట్ తొమ్మిది.
రెండు పాయింట్ ఆరు.
మూడు దాటడానికి ఇంకో రెండు చలికాలాలు.

ఇంటర్వ్యూలో తెల్ల కనుబొమ్మల డాక్టరు
సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు,
ఇక్కడ నొప్పుందా అని
రోగి పొట్ట నొక్కినట్టు.
"ఉంది," అంది హలీనా. "ఇప్పటికీ."
ఆయన ఏదో రాసుకున్నాడు. కనపడలేదు.

జవాబు ఏప్రిల్‌లోనట.
ఆ రాత్రి డ్యూటీలో, నాలుగో అంతస్తుకి వెళ్తూ
స్ట్రెచర్ మీది ముసలాయన గొణిగాడు:
"డాక్టర్ చెప్పింది ఒక్క ముక్క బోధపడలేదు."
లిఫ్టు తలుపు తెరుచుకుంది.
ఆమె చక్రాలు వెనక్కి తిప్పింది.
"పదండి, అడుగుదాం."